గడ్డక్క, పొడి ఐసు

చేపల మార్కెట్లో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. గడ్డక్క అంటే మాత్రం గేటు దగ్గర బుట్టలు మోసేవాడు కూడా నేరుగా ఆమె చేపలమ్మే గట్టు దాకా తీసుకువెళ్ళి చూపిస్తాడు. ఆ పేరు ఐసుగడ్డ నుంచి వచ్చింది. ఆమె తండ్రి ఐసు ఫ్యాక్టరీ నుంచి మార్కెట్‌కు మూడు చక్రాల బండి మీద గడ్డలు తోలేవాడు. తల్లి లేని పిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేక బండి మీదే కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. గడ్డల మీద రంపపు పొట్టు, దాని మీద గోనెపట్టా, పట్టా మీద ఈ పిల్ల. కింద నుంచి చలి, నెత్తిన ఎండ. ఆ రెంటి మధ్యే పెరిగి పెద్దదైంది.

పదేళ్ళు వచ్చేసరికి గడ్డ పగలగొట్టడంలో తండ్రిని మించిపోయింది. గడ్డ అంచులు అద్దంలా ఉంటాయి, నడుమ మాత్రం తెల్లగా, మసకగా ఒక చార ఉంటుంది. ఆ చార మీద మేకు ఆనించి ఒక్క దెబ్బ వేస్తే గడ్డ రెండుగా విడిపోతుంది. పక్క నుంచి కొడితే ముక్కలు చెల్లాచెదురై సగం కాలవలో కలుస్తాయి. పిల్లకు పెళ్ళీడు వచ్చాక, అది చూసే, మార్కెట్లో చేపలమ్మే ఒకావిడ తన పెద్దకొడుక్కి ఆమెను అడిగింది. "ఐసు వాళ్ళ పిల్ల మా ఇంటికొస్తే నాకు ఐసుకి కొదవుండదు" అని అందరికీ చెప్పుకుంది. కొడుకు లారీ డ్రైవరు, వారంలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే ఉంటాడు. మాటలు తక్కువ మనిషి. ఇంట్లో మాట్లాడే పని మొత్తం తల్లే చూసుకునేది.

పెళ్ళయిన మర్నాడే అత్తాకోడళ్ళకు ఐసు దగ్గర మాటామాటా వచ్చింది. అత్త చేపల కింద మాత్రమే ఐసు వేసేది. కోడలు కింద ఒక పొర, వరుసకీ వరుసకీ మధ్య ఒక పొర, పైన ఒక పొర వేసింది.

"చేపలమ్ముతున్నావా, ఐసమ్ముతున్నావా?" అంది అత్త.

"సాయంత్రం దాకా ఆగి మొప్పలు చూడు అత్తా" అంది కోడలు.

సాయంత్రం మొప్పలు ఎర్రగానే ఉన్నాయి. అత్త చూసింది. మర్నాటి నుంచి తనూ మూడు పొరలు వేయడం మొదలుపెట్టి, అది తన పద్ధతేనని చుట్టుపక్కల వాళ్ళకు చెప్పింది. కొన్నేళ్ళకు ఆమె మోకాళ్ళు మొరాయించాయి. గట్టు గడ్డక్క చేతికి వచ్చింది.

గట్టుతో పాటు నీళ్ళూ వచ్చాయి. మూడు పొరల ఐసు కరిగితే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? చేపల మీద నుంచి గట్టు మీదకు, గట్టు మీద నుంచి కాళ్ళ మీదకు. కాలవ ఉంది గానీ, దానికి వాలు సరిగ్గా లేదు. పొద్దున వచ్చింది మొదలు సాయంత్రం కడిగి సర్దేదాకా పాదాలు తడిలోనే నానేవి. కాలివేళ్ళ సందులు తెల్లగా పాలిపోయి, చీలి, పడుకోబోయే వేళకు భగ్గున మండేవి. చేపలమ్మే ఆడవాళ్ళ పాదాలు చూస్తే చాలు, ఎవరు ఎన్నేళ్ళుగా ఆ పనిలో ఉన్నారో చెప్పేయవచ్చు. మందుల షాపు అతను లేపనం ఇస్తూ, "తడి తగలకుండా చూసుకోవాలమ్మా" అన్నాడు.

"ఆ ముక్క చేపలకి చెప్పి చూస్తాను" అంది గడ్డక్క.

ఆమెకు పెద్ద కోరికలేవీ లేవు. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు పొడి కాళ్ళతో ఇంటికి రావాలని ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని తెలుసు.

ఆమె మరిదికి ఐస్‌క్రీమ్ గోడౌన్‌లో, దూరపు ఊళ్ళకు పెట్టెలు కట్టే విభాగంలో పని దొరికింది. చేరిన కొత్తలోనే ఒకరోజు సంచిలో ఏదో పట్టుకుని ఇంటికి వచ్చాడు. వంటగదిలో బల్ల మీద పెట్టి, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, కాగితం విప్పాడు. ఇటుకంత తెల్లటి గడ్డ. దాని నుంచి పొగ బల్ల మీదుగా పాకి, అంచు దాటి, నేలకు జారింది.

"నిప్పేదో అంటుకుందిరా" అంది తల్లి, రెండడుగులు వెనక్కి వేసి.

"నిప్పు కాదమ్మా, ఐసే. పొడి ఐసు."

"పొడి అంటావు, గడ్డలాగే ఉందే?"

"పొడంటే పిండి కాదు. తడి లేనిది అని." అతను గడ్డను పక్కకు జరిపి, కింద కాగితం చూపించాడు. "చూడు వదినా, ఎక్కడన్నా చెమ్మ ఉందా?"

గడ్డక్క వేలితో కాగితం తడిమింది. చల్లగా ఉంది. కానీ గలగలలాడుతోంది, అప్పుడే షాపు నుంచి తెచ్చిన కాగితంలా.

"మరి కరిగిన నీళ్ళేవి?"

"ఇది కరగదు వదినా. మామూలు ఐసు అంటే నీళ్ళు గడ్డకట్టింది, కాబట్టి మళ్ళీ నీళ్ళవుతుంది. ఇది నీళ్ళే కాదు. సోడాలో బుడగలొస్తాయి చూడు, మనం ఊపిరి వదిలినప్పుడు బయటికొస్తుంది చూడు, ఆ గాలి. దాన్ని బాగా నొక్కి, చల్లబరిచి గడ్డకట్టిస్తారు. వదిలేస్తే మధ్యలో నీళ్ళవకుండా గడ్డ నుంచి నేరుగా గాలైపోతుంది. రేపు పొద్దున చూస్తే కాగితం ఒక్కటే ఉంటుంది."

"అంటే ఆ పొగే అదన్నమాట."

"కాదు. అది కళ్ళకి కనపడదు. ఈ చలికి గది గాల్లో ఉన్న తేమ మంచులా మారి మనకి అలా కనిపిస్తోంది."

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు ఉండే హుషారు అతనికి ఒళ్ళంతా ఉంది. రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో మామూలు ఐసు ముక్క, ఇంకోదాంట్లో ఇది వేశాడు. ఐసు ముక్క పైన తేలింది. ఇది అడుక్కి మునిగి, పొయ్యి మీద ఉన్నట్టు కుతకుతలాడింది. గ్లాసు పట్టుకు చూస్తే చల్లగా ఉంది. కత్తి మొన ఆనిస్తే గడ్డ కీచుమని అరిచింది. తల్లి ముట్టుకోబోతే చెయ్యి పట్టి ఆపాడు. "కాలుతుందమ్మా. మామూలు ఐసుకన్నా చాలా చల్లన. చర్మం అతుక్కుపోతుంది." పెట్టెలో పెడితే మూత బిగించకూడదనీ, బిగిస్తే లోపల గాలి పెరిగి పెట్టె పగిలిపోతుందనీ చెప్పాడు. తలుపులు మూసిన గదిలో ఉంచకూడదనీ చెప్పాడు. "మామూలు గాలికన్నా బరువు. కిందికి దిగి నేల మీద పేరుకుంటుంది."

గడ్డక్క ఇంకా కాగితం వైపే చూస్తోంది.

"ఇది నాకు రోజూ తెచ్చిపెట్టగలవా?" అంది.

మరిది నీళ్ళు నమిలాడు. గోడౌన్‌లో విరిగిన ముక్కలు మిగులుతాయి, సూపర్‌వైజర్‌ని అడిగితే కాదనడు, ఎలాగూ గాల్లో కలిసిపోయేవే. "కానీ చేపల మీద వేయొచ్చో లేదో నాకు తెలీదు వదినా. మేం ఐస్‌క్రీమ్‌కే వాడతాం."

"చేపకి కావాల్సింది చల్లదనం. దీనికి అది బోలెడంత ఉందిగా."

మర్నాడు గట్టు మీద ఐసుకు బదులు పొడి ఐసు ముక్కలు పరిచింది. పొగ చూసి జనం మూగారు. పక్క గట్టు రొయ్యలావిడ మెడ సాచి చూస్తూ, "ఏం మంత్రం వేస్తున్నావు గడ్డక్కా?" అంది. ఆ పొద్దంతా గడ్డక్క కాళ్ళ కింద సిమెంటు తెల్లగా, పొడిగా ఉంది. అటు రొయ్యలావిడ చెప్పులు తపతపలాడుతుంటే, ఇటు గడ్డక్క ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుని హాయిగా నిలబడింది.

ఎండ ముదిరాక, వారానికి రెండుసార్లు వచ్చే లెక్కల మాస్టారు అడుగు వరుస నుంచి ఒక చేపను లాగి, గట్టుకేసి తట్టాడు. టకటకమంది.

"ఇది చేపా, తలుపు చెక్కా?"

"గట్టిగా ఉంటే తాజా కదండీ."

"గట్టిదనానికీ ఒక హద్దుండాలి కదమ్మా."

అడుగున ఉన్నవన్నీ అలాగే ఉన్నాయి. కత్తి దిగలేదు. పొడి ఐసుకు ఆనుకున్న చోట చర్మం తెల్లబారి, మచ్చలు పడింది. పైన ఉన్నవి ఇంకోరకం. వాటి మీద చుక్క తడి లేక పొలుసు మెరుపు పోయింది, కళ్ళు మసకబారిన గాజు పూసల్లా అయ్యాయి. ఆ రోజు ఇంటికి పట్టుకెళ్ళినవాళ్ళలో నలుగురు మర్నాడు తిరిగి వచ్చారు. గడ్డకట్టిన చేప మెత్తబడ్డాక కండ పిండిపిండిగా ఊడిపోయిందన్నారు. గడ్డక్క వాదించలేదు. వేరే చేపలు తూచి ఇచ్చి పంపింది.

ఆ సాయంత్రం గట్టు కడుగుతూ ఆలోచించింది. ఇన్నేళ్ళూ తను తిట్టుకున్న నీళ్ళు ఊరికే కారలేదు. ఐసు కరుగుతున్నంతసేపూ దాని చలి ఒకే తీరుగా ఉంటుంది, ఆ చలికి చేప చల్లబడుతుందే తప్ప బిగుసుకుపోదు. కరిగిన నీళ్ళు చేపకూ చేపకూ మధ్య సందుల్లోకి దూరి, జిగురు కడిగి, పొలుసును తళతళలాడిస్తూ కిందికి పోతున్నాయి. పొడి ఐసుకు ఆ పని రాదు. దానికి తెలిసింది ఒక్కటే, ఆనుకున్నదాన్ని రాయి చేయడం. ఈ సంగతి అర్థమైనందుకు ఆమెకు సంతోషమేమీ కలగలేదు. కాళ్ళు మళ్ళీ తడవాలి, అంతే.

అయితే పొడి ఐసును పూర్తిగా వదల్లేదు. మార్కెట్‌కు సెలవు వస్తే అమ్ముడుపోని పెద్ద చేపలను ఇంటికి తెచ్చి దాచాలి. థర్మాకోల్ పెట్టెలో చేపల మీద మామూలు ఐసు నింపి, అన్నిటికన్నా పైన కాగితాల్లో చుట్టిన పొడి ఐసు పెట్టి, మూత వదులుగా ఉంచితే లోపలి ఐసు మర్నాటి దాకా కరక్కుండా నిలిచేది. ఇది బాగా కుదిరింది. మరిది అప్పుడప్పుడూ తెచ్చిపెట్టేవాడు. పెట్టెను వంటగదిలో, కిటికీ కింద ఉంచేవారు.

ఆ వేసవిలో మార్కెట్‌కు సెలవు వచ్చిన ఒక రోజు పెట్టె నిండా చేపలు ఉన్నాయి. కిటికీలోంచి పిల్లి రెండుసార్లు దూరిందని గడ్డక్క పెట్టెను వెనక గదిలోకి మార్చి, తలుపు ఓరగా వేసి, మధ్యాహ్నం సరుకులు తేవడానికి వెళ్ళింది. మరిది పనిలో ఉన్నాడు. ఇంట్లో అత్త ఒక్కతే. కరెంటు పోయి ఫ్యాను ఆగింది.

వెనక గది చిన్నది. ఒకే తలుపు, ఎత్తయిన గడప, గోడకు పైన చిన్న గూడు లాంటి వెంటిలేటరు. అత్త పగటి నిద్ర ఎప్పుడూ అక్కడే. ఆ రోజు మాత్రం మంచం వదిలి నేల మీద చాప వేసుకుంది. ఉక్క భరించలేక ఆమెకు ఆనాడు గ్లాసులో చూసిన చల్లటి పొగ గుర్తొచ్చింది. పట్టకారుతో పెట్టెలోంచి పెద్ద ముక్కలు మూడు తీసి, నీళ్ళున్న బేసినులో వేసి, తల పక్కన పెట్టుకుంది. పొగ దుప్పటిలా నేలంతా పరుచుకుంది. చల్లదనం బయటికి పోకుండా తలుపు గట్టిగా మూసి పడుకుంది.

గడ్డక్క సంచులతో లోపలికి వచ్చేసరికి వెనక గది తలుపు కింది సందులోంచి తెల్లగా పలచటి పొగ గడప దాటి వస్తోంది.

"అత్తా" అని పిలిచింది. జవాబు లేదు. తలుపు తోసింది.

గదిలో పిక్కల ఎత్తున మంచు నిలిచి ఉంది. అందులో అత్త వెల్లకిలా పడుకుని, పరుగెత్తి వచ్చిన మనిషిలా గబగబా రొప్పుతోంది. ముఖం కందిపోయింది. గడ్డక్క సంచులు పడేసి ఆమె మీదకు వంగింది. వంగగానే సోడా ముక్కులోకి ఎక్కినట్టు చురుక్కుమంది. కళ్ళ నీళ్ళు తిరిగాయి, గుండె దడదడలాడింది, గోడలు పక్కకు ఒరిగినట్టు అనిపించింది. గోడ పట్టుకుని లేచి నిలబడింది. నిలబడితే తల తేరుకుంది. కిందికి దిగి నేల మీద పేరుకుంటుంది, అని మరిది అన్న మాట అప్పుడు తలకెక్కింది.

వాకిట్లోకి వచ్చి గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఊపిరి బిగబట్టి వెళ్ళి, చాప అంచు రెండు చేతులా పట్టి లాగింది. చాప గడప దగ్గర ఆగిపోయింది. మళ్ళీ బయటికి వచ్చి ఊపిరి తీసుకుని, ఈసారి అత్త చంకల కింద చేతులు వేసి, ఐసుగడ్డను బండి మీదకు ఎత్తినట్టు ఎత్తి గడప దాటించింది. ఆ ఊపులోనే వీధి అరుగు దాకా లాక్కొచ్చింది.

ఎదురింటివాళ్ళు పరుగున వచ్చారు. ఎవరో విసరసాగారు. కాసేపటికి అత్త కళ్ళు తెరిచింది.

"ఎందుకు లేపావే" అంది. "ఇప్పుడే చల్లగా కునుకు పట్టింది."

గడ్డక్క ఆమె పక్కనే అరుగు మీద కూలబడింది.

ఆసుపత్రిలో అత్త వేలికి ఏదో తగిలించి చూసి, ముక్కుకు గాలి పెట్టి, రాత్రి దాకా ఉంచుకుని పంపారు. ఇంకొంచెం ఆలస్యమైతే మెలకువ వచ్చేది కాదని నర్సు చెప్పింది. గడ్డక్క భర్తకు ఫోన్ చేసింది. జరిగిందంతా అతను విన్నాడు.

"ఇద్దరూ బాగున్నారా?"

"బాగున్నాం."

"మరి చేపలు?"

గడ్డక్క ఫోన్ పెట్టేసింది.

మరిది ఆసుపత్రికి వచ్చి, సంగతి తెలిసి, తల్లి మంచం పక్కనే చతికిలబడ్డాడు. "నేనే కదా ఇంటికి తెచ్చింది" అన్నాడు.

"నువ్వు జాగ్రత్తలు చెప్పే తెచ్చావు. నేనే వినలేదు. పెట్టెను ఆ గదిలో పెట్టింది కూడా నేనే" అంది గడ్డక్క.

తల్లి ముక్కుకున్న గొట్టం పక్కకు జరిపింది. "నేను విన్నానురా. గాలి కిందికి దిగుతుందన్నావు. అంటే కింద చల్లగా ఉంటుందనేగా? అందుకే మంచం మీద కాకుండా కింద పడుకున్నా."

మరిదికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ మర్నాటి నుంచి ఇంట్లోకి పొడి ఐసు రాలేదు.

వారం తిరక్కుండా గడ్డక్క రోడ్డు పనివాళ్ళకు సామాన్లు అమ్మే షాపుకు వెళ్ళి మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కొంది. ఇన్నేళ్ళూ ఆ ఆలోచన ఎందుకు రాలేదో ఆమెకే తెలియదు. మార్కెట్లో ఆడవాళ్ళెవరూ బూట్లు వేయరు, ఆమె కూడా వేయలేదు. మొదటి రోజు రొయ్యలావిడ చూసి, "గడ్డక్క సైన్యంలో చేరింది" అని కేకేసి అందరికీ చూపించింది. వానలు వెళ్ళేసరికి గడ్డక్క వేళ్ళ సందులు మానాయి. ఆ తర్వాత రొయ్యలావిడ ఒకరోజు పక్కకు పిలిచి, షాపు ఎక్కడని అడిగింది.

అత్తను ఇంట్లో ఒక్కదాన్నే వదలడానికి గడ్డక్కకు మనసొప్పలేదు. పొద్దున్నే రిక్షాలో కూర్చోబెట్టుకుని మార్కెట్‌కు తీసుకురావడం మొదలుపెట్టింది. గట్టు వెనక స్టూలు వేసి కూర్చోబెడితే అత్త చేసే పనేమీ లేదు, మాట్లాడటం తప్ప. దానికి మార్కెట్‌ను మించిన చోటు లేదు. తాను చచ్చి బతికిన కథ చెప్పడం మొదలుపెట్టింది. మొదట్లో పొగ చీలమండల దాకా ఉండేది. నెల తిరిగేసరికి నడుము దాకా వచ్చింది. ఈ మధ్య ఆ పొగలో ఆమెకు ఎప్పుడో పోయిన భర్త కూడా కనిపిస్తున్నాడు.

మొన్నొక రోజు చేపలు కొనడానికి వచ్చిన ఒకావిడ ఆ కథంతా నోరు తెరుచుకుని వింది.

"అయితే మీ ఆయన ఏమన్నాడండీ?"

"ఏమంటాడు? కళ్ళద్దాలు ఎక్కడ పెట్టావని అడిగాడు" అంది అత్త.

గడ్డక్క పొలుసు గీకుతూ ఇదంతా విన్నది. అత్త మాటను సరిదిద్దలేదు. చేపను నీళ్ళలో ఒకసారి ముంచి తీసి, పీట మీద పెట్టి, కత్తి ఎత్తి పట్టుకుని ఆవిడ వైపు తిరిగింది.

"తల ఉంచమంటారా, తీసెయ్యనా?" అని అడిగింది.